రగ్బీని కబడ్డీ చేయకండి

సంపాదకులకు నమస్కారం.

గ్రెగ్ మెగీ రాసిన న్యూజీలాండ్ నాటకం ‘ఫోర్‌స్కిన్స్ లామెంట్’ను తెలుగులోకి తెచ్చి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వేదికల మీద ఆడాలని మా వైపు నాటకాల వాళ్లలో ఆలోచన నడుస్తోంది. మంచిదే. దాంతోపాటు ఒక సలహా కూడా చేతులు మారుతోంది. మనవాళ్లకు రగ్బీ తెలియదు గనుక ఆటను కబడ్డీ చేసేసి, ఒక జట్టును తెలుగువాళ్లుగా, రెండోదాన్ని ఒడియావాళ్లుగా పెడితే కథ మన నేలకు దిగుతుందట. ఈ సలహా పాటిస్తే నాటకంలో మిగిలేది పాత్రల పేర్లే. ఎందుకో చెప్పి, రగ్బీని రగ్బీగానే ఆడాలంటే వేదిక మీద ఏమేం చూసుకోవాలో రాస్తున్నాం.

నాటకాన్ని మొదట 1980లో ఆక్లాండ్‌లోని థియేటర్ కార్పొరేట్‌లో ఆడారు. రాసినాయన పెద్ద స్థాయిలో రగ్బీ ఆడినవాడు, న్యాయశాస్త్రం చదివినవాడు. రెండే అంకాలు. మొదటిది ఓ చిన్న ఊరి క్లబ్బు జట్టు బట్టలు మార్చుకునే గదిలో, రెండోది మ్యాచ్ అయ్యాక పార్టీలో. కెప్టెన్ కెన్ తలకు దెబ్బ తగిలి ఉంటుంది. అయినా ఆడతాడు. కోచ్ టప్పర్‌కు గెలుపు తప్ప వేరే లోకం లేదు. జట్టు ‘ఫోర్‌స్కిన్’ అని పిలిచే, యూనివర్సిటీ చదువు వంటబట్టిన సీమోర్‌కు ఇదంతా కంటగింపుగానే ఉంటుంది గాని ఆటను వదులుకోలేడు. కెన్ ప్రాణం పోతుంది. ఆఖరున సీమోర్ ప్రేక్షకుల వైపు తిరిగి పెద్ద ఏకపాత్రతో తెర దించుతాడు. పట్టుమని పది పాత్రలు లేవు. ఎదుటి జట్టువాడు ఒక్కడంటే ఒక్కడు రంగం మీదికి రాడు.

కబడ్డీలో అంతా పట్టపగలు జరుగుతుంది. కూతకు వెళ్లేవాడు ఒకడు, పట్టేవాళ్లు ఏడుగురు, ఎవరు ఎవరి కాలు పట్టారో చివరి బెంచీవాడికీ కనిపిస్తుంది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. బంతి ఉన్నవాడిని పట్టి కింద పడేస్తే వాడు బంతిని వదిలేయాలి. వదిలిన బంతి మీద రెండు జట్లవాళ్లూ నిలబడి ఒకరినొకరు నెట్టుకుంటారు. దీన్నే రక్ అంటారు. కింద పడినవాడు దొర్లి బయటపడలేకపోతే ఆ బూట్ల మధ్యే ఉండిపోతాడు. ఆ రోజుల్లో బంతికి అడ్డంగా పడుకున్నవాడిని బూటు మేకులతో గీరి తొలగించడం న్యూజీలాండ్‌లో మామూలు విద్య. ఇప్పటి నిబంధనలు ఒప్పుకోవు. అన్ని కాళ్ల కింద ఏ బూటు ఎవరిదో రిఫరీకి కూడా తెలియదు. తప్పు దాక్కోవడానికి ఇంతకంటే చీకటి కోణం ఏ ఆటలోనూ లేదు. నాటకమంతా ఆ కోణం మీదే నిలబడింది.

ఇక జాతి సంగతి. కొట్టుకునేదీ తిట్టుకునేదీ ఒకే జెర్సీ వేసుకున్నవాళ్లు. దెబ్బను పళ్లబిగువున ఓర్చుకోవడం మగతనం, ఆ మగతనమే న్యూజీలాండ్ అని టప్పర్ తరం నమ్మింది. ఆ లెక్కను సీమోర్ ఒప్పుకోడు, ఒప్పుకోనందుకు తన ఊళ్లోనే పరాయివాడవుతాడు. తెలుగు, ఒడియా జట్లు పెట్టిన మరుక్షణం ప్రేక్షకుడు తన పక్షం ఎంచుకుని నిశ్చింతగా వెనక్కి వాలతాడు. చచ్చినవాడు మనవాడైతే చంపినవాడు అవతలివాడే అవుతాడు. గాయపడినవాడిని మైదానంలోకి పంపింది సొంత గది అన్న సంగతి అడుగున పడిపోతుంది.

రగ్బీ తెలియదన్న మాట కూడా ఒడిశాలో చెల్లదు. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ పిల్లలు 2007లోనే లండన్‌లో అండర్-14 అంతర్జాతీయ పాఠశాలల పోటీ గెలిచి వచ్చారు. అక్కడ చదివేది గిరిజన పిల్లలు. దేశం తరఫున ఆడే మహిళల జట్టులో ఒడిశా అమ్మాయిలున్నారు. ఆట గురించి విజయవాడ ప్రేక్షకుడికి చెప్పాల్సినంత రాయగడ ప్రేక్షకుడికి చెప్పనక్కర్లేదు. అయితే ఒక చిక్కుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఏడుగురి రగ్బీ. అర భాగం 7 నిమిషాలు, మైదానమంతా ఖాళీ, పరుగే పరుగు. నాటకంలోది పదిహేనుగురి ఆట, అర భాగం 40 నిమిషాలు, రెండు జట్లూ వంగి తలలు ఇరికించి నెట్టుకునే స్క్రమ్‌లో ఒక్కో వైపు ఎనిమిది మంది. నటులకు ఏడుగురి ఆట వీడియోలు చూపిస్తే పరుగెత్తేవాళ్ల ఒళ్లు తెచ్చుకుంటారు. కావాల్సింది నెట్టేవాళ్ల ఒళ్లు: దిగిన భుజాలు, బిగిసిన మెడ, వెడల్పుగా పడే అడుగు.

ఇంకో మాట. ఇంగ్లండ్, స్కాట్లండ్ 1879 నుంచి పోటీపడే కలకత్తా కప్పు మన వెండి రూపాయలు కరిగించి చేసిందే. కలకత్తాలోని తెల్లవాళ్ల క్లబ్బు 1878లో మూతపడుతూ బ్యాంకులో మిగిలిన 270 రూపాయలు తీసి కప్పు చేయించింది. మూడు పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. రగ్బీలో జాతి గౌరవం గురించి మాట్లాడేవాళ్లు ఆ ఏనుగును ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

వేదిక దగ్గరికి వద్దాం. మా వైపు హాళ్లలో వేదిక సుమారు 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉంటుంది. కింద చెక్క పలకలో, నున్నటి బండలో. అసలు రగ్బీ బూటు మేకు 21 మిల్లీమీటర్ల వరకు ఉండొచ్చు. అది బండ మీద జారుతుంది, పలకల సందులో దిగితే మడమ మెలిపడుతుంది. నటులకు అడుగు నిండా పొట్టి రబ్బరు బొడిపెలున్న బూట్లు ఇవ్వండి. సిమెంటు మీద మేకుల టకటక మాత్రం ఈ నాటకానికి ప్రాణం. తెర వెనక ఒక సిమెంటు పలక పెట్టి, మేకుల బూట్లతో ఒకరిని నడిపించి, పక్కన మైకు పెడితే ఆ చప్పుడు వస్తుంది.

పరిషత్తు నాటికల అలవాటుతో ముందు అంచున నేల మైకులు పెడతాం. ఇక్కడ అవి కొంప ముంచుతాయి. మనిషి పడిన ప్రతిసారీ పలకల అదురు మైకులోకి ఎక్కి, తర్వాతి రెండు మాటలు మింగేస్తుంది. మైకు కింద రెండంగుళాల స్పాంజి వేయడం మొదటి పని. పడే చోట్లన్నీ వెనక సగంలోకి జరపడం రెండోది. కాలర్ మైకులు వద్దు. రక్‌లో తీగ తెగుతుంది, లేదా పెట్టె నడుము కింద పడి వెన్నుకు గుచ్చుకుంటుంది.

పడడానికి రెండంగుళాల జిమ్ చాప, దాని మీద కొబ్బరి పీచు పట్టా. పట్టా అంచులకు టేపు వేయకపోతే మూడో రిహార్సల్‌కే బొటనవేలు ఇరుక్కుంటుంది. నటుడు పడే వరుస మోకాలు, తుంటి, భుజం. చెయ్యి చాచి పడితే మణికట్టుగాని మెడ ఎముకగాని పోతుంది. కొత్తవాళ్లంతా చేసేది ఇదే, ఎందుకంటే చెయ్యి చాచడం ఒంటి సహజం. బంతిని రెండు చేతులా గుండెకు హత్తుకుని పడమంటే ఆ అలవాటు దానంతటదే పోతుంది. బంతి అసలుదే కొనండి, 410 నుంచి 460 గ్రాములు. ప్లాస్టిక్ బొమ్మ బంతి చేతిలో ఎగురుతుంది, ఆ ఎగరడం చూడగానే నమ్మకం చెడుతుంది.

ఎదురెదురుగా స్క్రమ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. శిక్షణ లేనివాళ్లు తలలు ఇరికించి నెట్టుకుంటే స్క్రమ్ కూలుతుంది. కూలినప్పుడు గడ్డం గుండెకు ఆని, మెడ మీద వెనకవాళ్ల బరువంతా పడుతుంది. అసలు మైదానాల్లో మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిపోయిన ఆటగాళ్లలో చాలామందికి ఇట్లాగే జరిగింది. ముందు వరుస ముగ్గురు చాలు. మధ్యవాడి చంకల కిందుగా ఇరుపక్కలవాళ్లూ చేతులు పోనిచ్చి జెర్సీ పిడికిట పడతారు. పాదాలు భుజాలంత ఎడం, నడుం భుజాలకంటే ఎత్తుకు లేవకుండా, వీపు చదును, చూపు ముందుకు. వాళ్లను నేరుగా ప్రేక్షకుల వైపు తిప్పి నెట్టించండి. అవతలి జట్టు స్థానంలో హాలు ఉంటుంది. జెర్సీ చంక కుట్లు రెండేసి వేయించకపోతే మొదటి పట్టుకే చిరుగుతాయి. రిఫరీ ‘క్రౌచ్, బైండ్, సెట్’ అనే పిలుపు 2013లో వచ్చింది, దాన్ని 1980 నాటకంలో పెట్టకండి. అట్లాగే ట్రైకి, అంటే బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనించినందుకు, ఇప్పుడు 5 పాయింట్లు గాని అప్పుడు 4. అనువాదకుడు స్కోర్లను సవరించబోతే లెక్క తప్పుతుంది.

తల మీద తన్ను చూపించాలనుకుంటే, బూటు తలకు అవతల, ప్రేక్షకుడికి కనిపించని వైపు, కనీసం అడుగు దూరంలో చాపను తాకాలి. చప్పుడు చేసేది తన్నినవాడు కాకూడదు, పక్కవాడు అరచేత్తో చాపను కొట్టాలి. తన్నేవాడే చప్పుడు కోసం ప్రయత్నిస్తే రోజురోజుకీ బూటు దగ్గరికి జరుగుతుంది. రక్ మొత్తాన్ని ఎనిమిది లెక్కలకు కట్టి, మొదటి వారం నడకలోనే చేయించండి. ప్రదర్శన రోజు తెర లేవకముందు ఒకసారి సగం వేగంతో చేయించడం తప్పనిసరి.

బురదకు ముల్తానీ మట్టిలో కాస్త గ్లిజరిన్ కలిపితే ఎండి రాలదు. రక్తానికి ముదురు చక్కెర పాకం, తినే ఎరుపు రంగు, చిటికెడు కాఫీ పొడి. కాఫీ లేకపోతే దీపాల కింద గులాబీ రంగుగా కనిపిస్తుంది. రక్తం కొంచెమే పెట్టండి. గది సీను మొదలయ్యే ముందు ఇద్దరు నటుల పిక్కలకు నొప్పుల బామ్ బాగా రుద్దిస్తే మూడు వరుసల దాకా వాసన వెళ్తుంది. సెట్టింగ్ ఖర్చులో సగం దాంతో మిగులుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది కెన్ పాత్ర. తలకు దెబ్బ అనగానే మన నటులు తూలతారు, కళ్లు తేలేస్తారు, తాగుబోతు నడక నడుస్తారు. మెదడు అదిరిన మనిషి చాలాసార్లు మామూలుగానే కనిపిస్తాడు. అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతాడు. జవాబు సరిగ్గానే ఇస్తాడు, అరక్షణం ఆలస్యంగా ఇస్తాడు. వెలుతురు వైపు చూడలేక మొహం తిప్పుకుంటాడు. వాంతి వచ్చినట్టవుతుంది. మైదానం పక్కన ఇట్లాంటివాడిని అడిగే ప్రశ్నలు ఐదు: మనం ఏ మైదానంలో ఉన్నాం, ఇది మొదటి సగమా రెండోదా, చివరగా పాయింట్లు తెచ్చింది ఎవరు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా? ఈ ఐదూ నటుడి జేబులో ఉండాలి. కెన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి బూటు లేసు కట్టించండి. ఒకే రంధ్రంలోంచి లేసును రెండుసార్లు దూర్చి, ఎక్కడో తప్పిందని తెలిసి, ఏమిటో తెలియక, దాన్ని అట్లాగే ముడేసేస్తాడు. పక్కవాళ్లు కబుర్లలో ఉంటారు. ఒక్క ప్రేక్షకుడు చూసినా చాలు, హాలంతా చూస్తుంది.

మొదటి అదురు తగ్గకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇప్పటి ప్రపంచ రగ్బీ సమాఖ్య మార్గదర్శకాల్లో అనుమానం వస్తే వెంటనే బయటికి, ఆ రోజు మళ్లీ ఆట లేదు, క్లబ్బు స్థాయి ఆటగాడికి మళ్లీ మ్యాచ్ కనీసం 21 రోజుల తర్వాతే. ఈ రెండు ముక్కలూ కరపత్రం వెనక తెలుగులో, ఒడియాలో వేయండి. హాల్లో స్కూలు పీఈటీ సార్లు కూడా ఉంటారు.

చరిత్రను ఎంత చెప్పాలన్నది ఇంకో తగువు. ఈ నాటకం 1981లో దక్షిణాఫ్రికా జట్టు న్యూజీలాండ్‌లో చేసిన పర్యటన మీద రాసిందని చాలామంది పొరబడతారు. నాటకం ముందు వచ్చింది, పర్యటన ఏడాది తర్వాత. అయితే ఆ నిప్పు అప్పటికే రాజుకుంటోంది. 1960లో దక్షిణాఫ్రికా వెళ్లిన న్యూజీలాండ్ జట్టులోకి, అక్కడి వర్ణవివక్షకు తల ఊపి, తమ దేశపు మూలవాసులైన మావోరీలను తీసుకోలేదు. 1976లో జట్టు మళ్లీ వెళ్లింది. న్యూజీలాండ్‌ను పోటీల నుంచి తప్పించలేదన్న నిరసనతో ఇరవైకి పైగా దేశాలు, ఎక్కువ ఆఫ్రికావి, మాంట్రియల్ ఒలింపిక్స్‌ను వదిలేశాయి. 1981లో నిరసనకారులు మైదానంలోకి చొచ్చుకెళ్లడంతో జూలై 25న హామిల్టన్ మ్యాచ్ రద్దయింది. సెప్టెంబరు 12న ఆక్లాండ్‌లో ఆఖరి టెస్టు నడుస్తుండగా చిన్న విమానంలోంచి పిండి పొట్లాలు కురిశాయి. ఒకే ఇంట్లో కొందరు టిక్కెట్టు కొంటే కొందరు వీధిలో అట్ట పట్టుకుని నిలబడ్డారు. ఇదంతా సూత్రధారుడి నోట పది నిమిషాలు చెప్పించకండి. హాలు గుమ్మం దగ్గర నాలుగు బొమ్మలు, కింద రెండేసి వాక్యాలు చాలు. పక్కనే మన ముక్క కూడా ఒకటి పెట్టొచ్చు: 1974లో డేవిస్ కప్పు ఫైనల్‌కు వెళ్లిన భారత్ దక్షిణాఫ్రికాతో ఆడబోమని కప్పునే వదులుకుంది. మన తాతలకు ఇది బాగా గుర్తు.

పోస్టరు మీద నల్ల జెర్సీ, వెండి ఆకు, నాలుక చాపిన మావోరీల హాకా నాట్యం వేయాలని అందరికీ సరదా. అది జాతీయ జట్టు వేషం. నాటకంలో ఉన్నది ఊరి క్లబ్బు. జాతీయ జట్టు కాబోయి కాలేకపోయినవాళ్ల, ఎన్నటికీ కానివాళ్ల గది అది. ‘క మాటె’ హాకా మావోరీ నాయకుడు టె రౌపరాహా కట్టిందని, అది ఎవరిదో చెప్పి తీరాలని న్యూజీలాండ్ 2014లో చట్టమే చేసింది. తెర లేవగానే నలుగురు కుర్రాళ్లతో గంతులేయించే సరుకు కాదది.

భాష. గదిలో మాటలు పుస్తకాల తెలుగులో ఉంటే ఒక్కటీ నిలవదు. మా గంజాం, రాయగడ వైపు తెలుగు దీనికి సరిగ్గా సరిపోతుంది. ‘నీకేమీ కాలేదు, లేచి నిలబడు’ అని టప్పర్ అంటే సినిమా డాక్టరు అన్నట్టుంటుంది. ‘ఏటీ అవ్వనేదు, లెగు’ అంటే ఆ మూడు మాటల్లో మనిషంతా ఉన్నాడు. కోచ్‌ను ‘సార్’ అనిపించకండి, బడి అయిపోతుంది. ‘కోచ్’ చాలు. ఆటగాళ్లు ఒకరినొకరు ‘ఒరే’ అనుకుంటారు, ఒక్క కెన్‌ను మాత్రం ‘అన్నా’ అనొచ్చు. అతని తర్వాత ఆ పిలుపు గదిలో ఎవరికీ వెళ్లకూడదు. పేర్లూ ఊళ్లూ న్యూజీలాండ్‌వే ఉండనివ్వండి. ఆఖరి ఏకపాత్రను రాగం తీయకుండా, చెయ్యెత్తకుండా, ఊపిరి ఆడనివాడు మాట్లాడినట్టు చెప్పించాలి. ‘వన్స్ మోర్’ పడిందంటే ఎక్కడో పాడాడన్నమాటే.

సరిహద్దు సంగతి ఎత్తుకున్నది మేం కాదు, సలహా ఇచ్చినవాళ్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీత మా ఇళ్ల పక్క నుంచే పోయింది. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. ఇవాళ రగ్బీకో మరో ఆటకో ఎంపికైన రాయగడ తెలుగు పిల్ల ఒడిశా జెర్సీ వేసుకుంటుంది, ఇంటికొచ్చి తెలుగులో గెలుపు చెబుతుంది. ఆ జెర్సీ లోపల నడిచే తగువు ఏదైనా ఉంటే అది రాయదగిన కొత్త నాటకం. రాయండి, మేమూ పని చేస్తాం. న్యూజీలాండ్ నాటకాన్ని చీల్చి అందులో కుక్కకండి.

చివరిగా అనుమతి. మన కాపీరైటు చట్టంలో రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే రాతపూర్వక అనుమతి లేకుండా అనువాదమూ కుదరదు, ప్రదర్శనా కుదరదు. న్యూజీలాండ్ నాటకాల హక్కుల వ్యవహారం ప్లేమార్కెట్ అనే సంస్థ చూస్తుంది. ముందు అక్కడికి రాయాలి. ఏ భాషలో, ఎన్ని ప్రదర్శనలు, టిక్కెట్టు ఉందా లేదా అన్నది మొదటి ఉత్తరంలోనే చెప్పండి. పరిషత్తు గంట నిడివికి కుదించాలనుకుంటే అదీ అప్పుడే అడగాలి, ఏ సీన్లు పోతాయో జాబితాతో సహా. ఆ జాబితాలో రెండో అంకం ఆడపాత్రలను చేర్చకండి. కత్తెర పట్టిన ప్రతివాడి చెయ్యీ ముందు అటే వెళ్తుంది. గది బయటి నుంచి వచ్చి ఆ మగవాళ్లను మొహం మీద ప్రశ్న అడగగలిగేది వాళ్లే. అవసరమైతే మొదటి అంకంలో తాగుడు జోకులు తీసేయండి, పది నిమిషాలు తేలిగ్గా దొరుకుతాయి.

ఇట్లు,
కొందరు రంగస్థల కార్యకర్తలు,
బరంపురం – పర్లాకిమిడి – రాయగడ (ఒడిశా)